ఋషికుల్య తీరంలో తాబేళ్ళ కాలం: స్వచ్ఛంద బృందం ఏ నెలలో ఏం చేయాలి, ఎలా చేయాలి

ఒడిశా గంజాం జిల్లాలోని గోపాలపూర్, ఆర్జీపల్లి, ఛత్రపురం, బరంపురం వైపు నుంచి చలికాలం మొదలవగానే అందరూ అడిగేది ఒకటే: "ఊళ్ళో పదిమంది కుర్రాళ్ళం ఉన్నాం. తాబేళ్ళు వచ్చే వేళకు మేమేం చేయొచ్చు?" దానికి పద్ధతి ప్రకారం జవాబు చెప్పడానికే ఈ మార్గదర్శి.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ సేవలో మూడొంతుల పని తాబేళ్ళు ఒడ్డెక్కకముందే అయిపోవాలి. అవి వచ్చాక మనం దూరంగా ఉండాలి, మిగతావాళ్ళను దూరంగా ఉంచాలి, ఒడ్డును చీకటిగా ఉంచాలి. తాబేలును ఎత్తుకుని ఫొటో దిగాలనుకునేవాళ్ళకు ఇందులో చోటు లేదు. ఒడ్డు ఊడ్చేవాళ్ళకు, దీపాలు ఆర్పించేవాళ్ళకు, రాత్రంతా మేలుకుని నడిచేవాళ్ళకు మాత్రం చేతినిండా పని ఉంది.

## 1. ముందు నెలల లెక్క రాసుకోండి

ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు నవంబరు నుంచి తీరానికి దగ్గరలో గుంపులు కడతాయి. ఋషికుల్య నది మొగ (సముద్రంలో కలిసేచోటు) దగ్గర మూకుమ్మడిగా గుడ్లు పెట్టడం ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతుంది. గుడ్డు పెట్టాక సుమారు 45 నుంచి 55 రోజులకు పిల్లలు ఇసుకలోంచి పైకొస్తాయి. అంటే ఏప్రిల్, మే నెలలు. కొన్నేళ్ళు మూకుమ్మడి రాక అసలు ఉండదు. ఆ ఏడాది కూడా విడివిడిగా వచ్చే తల్లులు ఉంటాయి కాబట్టి పని ఆగదు.

- సెప్టెంబరు, అక్టోబరు: ఊరి సమావేశం, అటవీ శాఖకు అర్జీ, బృందం కూర్పు.
- నవంబరు 1: ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపలవేటపై నిషేధం మొదలు. ఇది మే 31 దాకా ఉంటుంది.
- నవంబరు నుంచి జనవరి: ఒడ్డు శుభ్రం మూడు విడతలు, దీపాల సర్వే, చేపల చెత్త ఏర్పాటు.
- ఫిబ్రవరి, మార్చి: జనాన్ని అదుపు చేయడం, చీకటి కాపాడటం. తవ్వకం, ఊడ్పు బంద్.
- ఏప్రిల్, మే: కంచె, రాత్రి కాపలా.
- జూన్: కంచె తీసేయడం, లెక్కలు అప్పగించడం.

## 2. అనుమతి కాగితం, ఊరి మాట

ఆలివ్ రిడ్లీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది. గుడ్డును తాకినా, పిల్లను చేతిలోకి తీసుకున్నా, అటవీ శాఖ అనుమతి లేకపోతే అది నేరమే. మంచి ఉద్దేశంతో చేశామన్న మాట అక్కడ చెల్లదు.

అర్జీ బరంపురం డివిజన్ అటవీ అధికారి కార్యాలయానికి రాయండి. ఒక ప్రతి మీ రేంజి అధికారికి, ఒకటి పంచాయతీకి, పట్టణ పరిధి అయితే గోపాలపూర్, గంజాం, ఛత్రపురం ఎన్‌ఏసీలలో (చిన్న పట్టణాల పాలక సంస్థలు) మీకు వర్తించేదానికి ఇవ్వండి. తెలుగులో చిత్తు రాసుకోండి, ఇచ్చేది మాత్రం ఒడియాలో ఉండాలి. తెలుగులో లేదా ఇంగ్లీషులో ఇస్తే చదివించుకోవడానికే వారాలు గడుస్తాయి.

అర్జీలో ఉండాల్సినవి:

- ఏ ఒడ్డు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎన్ని మీటర్లు
- ఏ తేదీల్లో, ఏ వేళల్లో
- ఎంతమంది, వాళ్ళ పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్ళు
- ఏం చేస్తారు, ఏం చేయరు (గుడ్లు తవ్వం, ఫ్లాష్ వాడం, డ్రోన్ ఎగరేయం అని స్పష్టంగా)
- చెత్త ఎక్కడికి చేరుస్తారు

కాగితం కంటే కష్టమైనది ఊరి మాట. ఈ తీరంలో చాలా జాలరిపేటలు తెలుగు మాట్లాడేవే. వేట నిషేధంతో ఏడు నెలలు వాళ్ళ పొయ్యి మీద భారం పడుతుంది. బరంపురం నుంచి టీషర్టులు వేసుకుని వచ్చి "తాబేలును కాపాడండి" అని ఉపన్యాసమిస్తే ఎవరికైనా మండుతుంది. అందుకే సమావేశం పేటలోనే పెట్టండి. ఊరి పెద్దలను ముందు మాట్లాడనివ్వండి. నిషేధ కాలంలో ప్రభుత్వం ఇచ్చే జీవనోపాధి సాయం ఎవరికి అందలేదో పేర్లు రాసుకుని, ఆ అర్జీలు నింపిపెట్టే పని మీ బృందమే తీసుకోండి. చదువుకున్న కుర్రాళ్ళు ఒక్క ఆదివారం కూర్చుంటే అయ్యే పని అది. దానివల్ల వచ్చే నమ్మకం ఏప్రిల్ రాత్రుల్లో అక్కరకొస్తుంది.

బృందంలో కనీసం సగంమంది ఆ పేటవాళ్ళే అయ్యేలా చూడండి. గాలి తిరిగిందా, పోటు ఎంత దూరం ఎక్కుతుంది, తాబేళ్ళు ఏ రాత్రి రావచ్చు అన్న అంచనా వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

## 3. బృందం కూర్పు

1 కిలోమీటరు ఒడ్డుకు 20 మంది చాలు. అంతకు మించితే ఒడ్డు మీద జనమే సమస్య అవుతారు. పనులు ఇలా పంచండి:

- నాయకత్వం: ఇద్దరు. ఒకరు పేట నుంచి, ఒకరు బయటి నుంచి. ఇద్దరిలో ఒకరికి ఒడియాలో రాయడం బాగా రావాలి.
- లెక్కల పుస్తకం: ఇద్దరు. వీళ్ళు మారకూడదు. ప్రతి వారం ఒక్కో చేతికి మారితే లెక్కలు పనికిరావు.
- దీపాల పని: నలుగురు. పెద్దరికంగా మాట్లాడగలవాళ్ళు కావాలి, వాదించేవాళ్ళు వద్దు.
- ఒడ్డు, కంచె: పదిమంది.
- ప్రథమ చికిత్స, మంచినీళ్ళు: ఇద్దరు.

ఆడపిల్లలు రాత్రి కాపలాకు వచ్చేటట్టయితే మరుగుదొడ్డి ఉన్న ఇల్లొకటి ముందే మాట్లాడిపెట్టండి. ఇంటికి చేర్చే బండి పేరు, ఫోను నంబరు పుస్తకంలో ఉండాలి. ఇది లేక చాలా బృందాల్లో రెండో వారానికే ఆడపిల్లలు మానేస్తారు.

## 4. ఒడ్డు శుభ్రం చేయడం

శుభ్రం అంటే అందం కోసం కాదు. తల్లి తాబేలు 35 నుంచి 45 కిలోల బరువుతో, నడవడానికి పనికిరాని తెడ్డుకాళ్ళతో ఇసుక మీద పాకుతుంది. దారిలో తెగిన వల ఉంటే చిక్కుకుంటుంది. గొయ్యి తవ్వేచోట ప్లాస్టిక్ తగిలితే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. కాబట్టి మీ దృష్టి మొదట వలల మీద, తాళ్ళ మీద ఉండాలి. బిస్కెట్ కవర్లు తర్వాత.

### సామాను (20 మందికి)

- గోనె సంచులు 60. ప్లాస్టిక్ సంచులు వద్దు, చిరిగితే మళ్ళీ అదే చెత్త.
- రబ్బరు పూత ఉన్న చేతి తొడుగులు 20 జతలు
- వల కోసే కత్తులు 4, కత్తెరలు 2
- 50 కిలోల స్ప్రింగు కాటాలు 2
- మూత ఉన్న మందపాటి డబ్బా 1 (సూదులు, గాలాలు, పగిలిన బల్బులు వేయడానికి)
- క్యాన్లలో 40 లీటర్ల నీళ్ళు, స్టీలు గ్లాసులు. సీసాలు తేవొద్దు.
- ఓఆర్ఎస్ పొట్లాలు 20, దూది, కట్టు గుడ్డ, అయోడిన్ మందు
- 50 మీటర్ల టేపు, పుస్తకం, పెన్సిళ్ళు (పెన్ను తడికి రాయదు)

### వరుస

1. వెళ్ళే రోజు ఆటు వేళ చూసుకోండి. నీళ్ళు వెనక్కి వెళ్ళే పొద్దున్నే మొదలుపెట్టి, 9 గంటలకల్లా ముగించండి.

2. ఒడ్డును 100 మీటర్ల ముక్కలుగా టేపుతో కొలిచి కర్రలు పాతండి. ఒక్కో ముక్కకు నలుగురు.

3. నలుగురూ నీటి అంచు నుంచి ఇసుక తిన్నె పాదం దాకా ఒక వరుసలో నిలబడి, అందరూ ఒకే వైపు నడవాలి. విడివిడిగా తిరిగితే సగం చెత్త మిగిలిపోతుంది.

4. రెండు సంచులు పట్టండి. ఒకటి వలలు, తాళ్ళకు. రెండోది మిగతా అన్నిటికీ. ఒడ్డు మీదే ఎనిమిది రకాలుగా వేరు చేయబోతే పని సాగదు.

5. సగం పూడిన వలను గుంజొద్దు. గుంజితే తెగి, మిగిలిన ముక్క లోపలే ఉండిపోతుంది. చుట్టూ చేత్తో ఇసుక తీసి, మొత్తం బయటపడ్డాక చుట్టచుట్టి తీయండి. ఇది జనవరి నెలాఖరులోపే. ఫిబ్రవరి వచ్చాక తవ్వకం వద్దు, ఇసుక పైకి కనిపించేంత మేరకు కోసి వదిలేయండి. కింద గుడ్లుండొచ్చు.

6. సంచులను దులిపి, ఇసుక రాల్చి, ఒక పూట ఆరనిచ్చి తూకం వేయండి. తడి ఇసుకతో తూచిన లెక్క పెద్దదిగా కనిపిస్తుంది గానీ, వచ్చే ఏడాదితో పోల్చడానికి పనికిరాదు.

7. అదే రోజు సంచులు ఒడ్డు దాటాలి. బండి ఖరారు కాకుండా శుభ్రం మొదలుపెట్టొద్దు. ఒడ్డున కుప్ప పెట్టి వెళ్ళిపోతే రాత్రికి కుక్కలు చించుతాయి, పోటుకు మళ్ళీ సముద్రంలోకి పోతాయి.

సీసాలు, గట్టి ప్లాస్టిక్ పాతసామాన్ల వ్యాపారి తీసుకుంటాడు. సన్నని నైలాన్ వలలు చాలామంది తీసుకోరు, ముందే అడిగి పెట్టుకోండి. మిగిలినది ఎన్‌ఏసీ చెత్త వేరుచేసే షెడ్డుకు, షెడ్డు బాధ్యుడితో తేదీ మాట్లాడుకున్నాకే పంపండి. ఏదీ కాల్చొద్దు. నైలాన్, థర్మకోల్ పొగ ఊపిరితిత్తులకు విషం.

### తీయకూడనివి

ఇసుక మీద పాకే ఊదాపూల తీగ, గుండ్రటి ముళ్ళబంతులుండే రావణాసురుడి మీసాల గడ్డి చెత్త కాదు. ఇసుక తిన్నెను పట్టి ఉంచేవి అవే. ఉత్సాహంలో వాటిని పీకేస్తే వచ్చే వానాకాలం కోత ఇంకా పెరుగుతుంది. ఇనుప పలుగుతో గోకడం, జేసీబీ దింపడం రెండూ వద్దు.

మొక్కలు నాటే కార్యక్రమాన్ని కూడా ఇక్కడికి తేకండి. సరుగుడు మొక్కలు పోటు గీతకు దగ్గరగా నాటితే వేర్లు, రాలిన సూదులు గుడ్లు పెట్టే చోటును మింగేస్తాయి. కనీసం 50 మీటర్లు వదిలి, అదీ అటవీ శాఖ చూపిన చోటే నాటాలి.

## 5. దీపాల పని

బృందాలు ఎక్కువగా దాటేసేది ఈ పనినే. ఫలితం ఎక్కువగా వచ్చేదీ ఇందులోనే.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురున్న వైపు పోతుంది. కరెంటు లేని కాలంలో రాత్రి అన్నిటికంటే వెలుతురుగా కనిపించేది సముద్రపు అంచే. ఇప్పుడు ఊరి వైపు తెల్ల ఎల్ఈడీ దీపాలున్నాయి. పిల్లలు అటు నడిచి, తుప్పల్లో చిక్కుకుని, పొద్దెక్కాక ఎండకు, కాకులకు బలవుతాయి. తల్లులు కూడా వెలుతురు ఉన్న ఒడ్డుకు రావడానికి జంకుతాయి.

### సర్వే

1. జనవరిలో అమావాస్య రాత్రి ఎంచుకోండి. వెన్నెల ఉంటే చిన్న దీపాలు తెలియవు.

2. రాత్రి 8 గంటలకు ఒడ్డున 100 మీటర్లకోసారి ఆగండి. నిలబడి చూస్తే చాలదు. ఇసుక మీద బోర్లా పడుకుని, కన్ను జానెడు ఎత్తులో ఉంచి ఊరి వైపు చూడండి. పిల్లకు కనిపించేది అదే.

3. నేరుగా కనిపించే ప్రతి దీపానికి ఒక నంబరు వేయండి. ఎవరిది, ఏ రంగు, ఎంత ఎత్తు, ఎందుకు వెలుగుతోంది, అన్నీ రాయండి. దీపం కనిపించకుండా ఆకాశంలో వెలుగు మాత్రమే కనిపిస్తే దాన్ని వేరుగా రాయండి.

4. మరునాడు పగలు ఆ దీపాల యజమానుల దగ్గరికి వెళ్ళండి. నలుగురికి మించి వెళ్ళొద్దు.

### ఏం అడగాలి

ఒక్కసారిగా "ఆర్పేయండి" అంటే ఎవరూ ఒప్పుకోరు. దొంగల భయం, పాముల భయం నిజమైనవే. ఈ వరుసలో అడగండి:

- అవసరం లేని దీపమైతే సాయంత్రం 7 నుంచి తెల్లవారి 5 దాకా ఆర్పడం
- అవసరమైతే దీపం దించడం, సముద్రం వైపు రేకు గొడుగు పెట్టడం. వెలుతురు నేల మీద పడాలి, ఒడ్డు మీద కాదు.
- తెల్ల బల్బు బదులు పసుపు-నారింజ రంగు బల్బు. నీలి, తెల్ల వెలుతురే పిల్లలను ఎక్కువ లాగుతుంది.
- ఏదీ కుదరకపోతే సముద్రం వైపు మందపాటి గుడ్డ తెర

బల్బుకు నల్లరంగు పూయడం, బల్బు మీద నేరుగా గుడ్డ చుట్టడం చేయొద్దు. వేడెక్కి పగులుతుంది, మంటలు కూడా రావచ్చు.

వీధి దీపాలకు పంచాయతీ లేదా ఎన్‌ఏసీకి, విద్యుత్ పంపిణీ సంస్థకు అటవీ శాఖ ద్వారానే లేఖ పంపించండి. స్తంభం నంబర్లు రాసిన జాబితా జతచేస్తే లైన్‌మన్‌కు వెతుకులాట ఉండదు. హోటళ్ళు, రొయ్యల చెరువులు, ఐస్ ఫ్యాక్టరీలు, గుడి దగ్గర సీరియల్ లైట్లు, పెళ్ళి పందిళ్ళు, అన్నీ జాబితాలో ఉండాలి. ఏప్రిల్, మే పెళ్ళిళ్ళ కాలం. ఒడ్డు పక్క కల్యాణ మండపం ఉంటే ముహూర్తాల తేదీలు ముందే తెచ్చుకోండి.

ఏప్రిల్ మొదటి వారంలో అదే చోట్ల మళ్ళీ పడుకుని చూడండి. జనవరి జాబితాలో ఎన్ని నంబర్లు మిగిలాయో, మీ పని అంత మిగిలినట్టు.

## 6. కుక్కలు, నక్కలు, కాకులు

కుక్కలు ఒడ్డుకొచ్చేది తాబేళ్ళ కోసం కాదు, చేపల పేగులు, కుళ్ళిన చేపల కోసం. అలవాటు పడ్డాక గుడ్లు తవ్వుతాయి. కాబట్టి కర్రలు పట్టుకుని తరిమే ముందు, చేపలు ఆరబెట్టేచోట, బోట్లు దించేచోట ఒక గొయ్యి తవ్వి మూత వేయండి. పేటలోని అక్కలతో, అమ్మలతో మాట్లాడి చెత్తంతా అందులో పడేలా చూడండి. కుక్కలకు సాయంత్రం అన్నం ఊరి లోపలే పెట్టించండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పశువైద్య శాఖను అక్టోబరులోనే అడగాలి, ఫిబ్రవరిలో అడిగితే ఆ ఏడాదికి ఉపయోగం ఉండదు. విషం పెట్టడం నేరం, ఆ కళేబరం తిన్న గద్దలూ చస్తాయి.

## 7. గుడ్లు పెట్టే రాత్రులు

ఈ రోజుల్లో మీ బృందం ఇసుక మీద ఉండకూడదు. అటవీ సిబ్బంది పిలిచిన కొద్దిమంది తప్ప మిగతావాళ్ళంతా దారుల దగ్గర నిలబడాలి. పొడంపేట, గోఖర్‌కుద, పురుణబంధ వైపు వచ్చే ప్రతి దారి మొదట్లో ఇద్దరు ఉండి, వచ్చే జనానికి నాలుగు మాటలు చెప్పాలి: బండి ఇక్కడే ఆపండి, ఫోను లైటు వేయొద్దు, సిబ్బంది చూపిన గీత దాటొద్దు, పిల్లల చేయి వదలొద్దు. ఈ మాటలు తెలుగులోను, ఒడియాలోను ఒక అట్టముక్క మీద రాసి పెట్టుకోండి.

తల్లి ఒడ్డెక్కేటప్పుడు ఎదురుపడితే ఉన్నచోటే కూర్చుండిపోండి. కదిలినా, వెలుతురు పడినా అది వెనుదిరుగుతుంది. గొయ్యి తవ్వి గుడ్లు పెట్టడం మొదలయ్యాక అంత బెదరదు. అందుకే కొందరు దగ్గరికెళ్ళి ఫొటోలు తీస్తారు. తిరిగి సముద్రంలోకి పోయేటప్పుడు ఆ ఫ్లాష్‌కే దారి తప్పుతుంది.

మోటారు సైకిళ్ళు ఒడ్డు మీదికి రాకూడదు. చక్రాల గాడి పెద్దలకు చిన్నదే. 4 సెంటీమీటర్ల పిల్లకు అది గోడలున్న కాలువ, అందులో పడి ఒడ్డు వెంబడే నడుస్తూ అలిసిపోతుంది.

మూకుమ్మడి రాక మొదలైన తేదీని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాయండి. కంచె తేదీ దాని మీదే ఆధారపడుతుంది.

## 8. కంచె, పిల్లల రాత్రులు

దీపాలన్నీ ఎప్పటికీ ఆరవు. అందుకే పిల్లలు ఊరి వైపు పోకుండా, గుడ్లున్న ఇసుకకు ఊరి వైపు అంచున తక్కువ ఎత్తు కంచె కడతారు. ఇది అటవీ శాఖ పని, మీరు చేతిసాయం మాత్రమే. చోటు వాళ్ళు చూపాలి.

### ఎప్పుడు

మొదటి రాత్రి నుంచి 35వ రోజుకు మొదలుపెట్టి 40వ రోజుకు పూర్తి చేయండి. ముందే కడితే ఆలస్యంగా వచ్చే తల్లులు చిక్కుకుంటాయి. 45 దాటితే మొదటి పిల్లలు అప్పటికే తుప్పల్లో ఉంటాయి.

### దేనితో

పాత చేపల వల ఊరికే దొరుకుతుంది, దాంతోనే కట్టేద్దామనిపిస్తుంది. సన్నదారపు వల, పెద్ద కన్ను ఉన్న వల వాడొద్దు. పిల్ల తల, తెడ్డు అందులో దూరి, రాత్రంతా కొట్టుకుని చస్తుంది. నర్సరీల్లో వాడే పచ్చ షేడ్ నెట్ మేలు.

500 మీటర్ల కంచెకు:

- 3 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు ఉన్న షేడ్ నెట్ చుట్టలు 2. ఒక్కో చుట్టను 60 సెంటీమీటర్ల పట్టీలుగా కోస్తే 5 పట్టీలు, అంటే 250 మీటర్లు వస్తుంది.
- 1 మీటరు వెదురు గూటాలు 270. 2 మీటర్లకొకటి, మిగిలినవి విరిగితే మార్చడానికి.
- కొబ్బరి తాడు. ప్లాస్టిక్ ట్యాగులు వద్దు, కోసినప్పుడు ముక్కలు ఇసుకలో పోతాయి.

### ఎలా

1. ఇసుక తిన్నె పాదం వెంబడి జానెడు లోతు గాడి తీయండి. గుడ్లున్న గుర్తు కనిపిస్తే అక్కడ వంపు తిప్పండి.

2. గూటాలు 40 సెంటీమీటర్ల లోతు దిగాలి. వదులు ఇసుకలో అంతకు తక్కువైతే రాత్రి గాలికి పడిపోతుంది.

3. నెట్‌ను గూటాలకు సముద్రం వైపు కట్టండి. పైన 45 సెంటీమీటర్లు, ఇసుకలో 15 సెంటీమీటర్లు. కోసిన అంచు, పోగులు ఊడే అంచు కిందికి ఉండాలి, పూడిపోతుంది.

4. రెండు చివరలూ సముద్రం వైపు వంచండి. లేదంటే పిల్లలు కంచె వెంబడి నడిచి చివర దాటిపోతాయి.

5. గాడి పూడ్చి కాలితో అదమండి. కింద ఎక్కడా చేతివేలు దూరే సందు ఉండకూడదు.

### రాత్రి కాపలా

రెండు వంతులు: 6 నుంచి 11, 11 నుంచి 5. ఇసుక పైపొర చల్లబడ్డాకే పిల్లలు వస్తాయి కాబట్టి అర్ధరాత్రి వంతు బలంగా ఉండాలి. ఎర్ర వెలుతురు తలదీపాలు మాత్రమే వాడండి. ఎప్పుడూ కంచెకు ఊరి వైపు నుంచే నడవండి, సముద్రం వైపు అడుగేస్తే పిల్లల మీద పడొచ్చు. అరగంటకోసారి కంచె పొడవునా ఒక చుట్టు.

కంచె దగ్గర చేరిన పిల్లలను ఎత్తే పని అటవీ సిబ్బంది, వాళ్ళు అనుమతించినవాళ్ళది. వాళ్ళు చేసేటప్పుడు ఈ పద్ధతి చూసుకోండి:

- బకెట్టులో నీళ్ళు పోయకూడదు. పుట్టగానే పిల్లకు ఈదడానికి కొద్ది రోజుల బలమే ఉంటుంది, బకెట్టులో ఈది అది వృథా చేసుకుంటుంది. అడుగున 5 సెంటీమీటర్ల తడి ఇసుక చాలు.
- ఒకదాని మీద ఒకటి పేరుకోకుండా ఎక్కువ బకెట్లు పెట్టండి.
- వదిలేచోట నీటి అంచుకు 5 నుంచి 10 మీటర్ల ఎగువన, తడి ఇసుక మీద. తామే నడిచి నీళ్ళు చేరాలి. నీళ్ళలోకి విసరడం, అలల్లోకి మోసుకెళ్ళడం వద్దు.
- ప్రతిసారీ వేరే చోట వదలండి. ఒకే చోటైతే చేపలు, పీతలు అక్కడే కాచుకుంటాయి.
- వదిలేటప్పుడు సముద్రానికి, పిల్లలకు మధ్య ఎవరూ ఉండకూడదు.
- తెల్లారాక దొరికిన, నీరసించిన పిల్లలను నీడలో తడి ఇసుక మీద ఉంచి సిబ్బందికి అప్పగించండి.

ఏప్రిల్, మే సాయంత్రాలు ఈదురుగాలులు, పిడుగుల కాలం. ఒడ్డు మీద అందరికంటే ఎత్తైనది మీ తలే. ఉరుము వినిపించిన క్షణమే పక్కా ఇంట్లోకి వెళ్ళండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలకు తిరిగి రండి. చెట్టు కింద నిలబడొద్దు. వాయుగుండం హెచ్చరిక వస్తే కంచె విప్పి చుట్టేయండి, లేకుంటే అదే సముద్రంలో కొత్త వల అవుతుంది.

## 9. వలలో చిక్కిన తాబేలు, ఒడ్డున పడిన కళేబరం

తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. వల లోపల ఎక్కువసేపు మునిగి ఉంటే ఊపిరాడక కదలిక ఆగుతుంది. చచ్చిందనుకుని వెంటనే నీళ్ళలో పడేస్తే నిజంగానే మునిగి చస్తుంది. జాలరి అన్నలకు ఈ మూడు సంగతులు బొమ్మలు గీసి చూపండి:

- బోర్లా, అంటే పొట్ట కిందికి ఉంచి పడుకోబెట్టాలి. వెల్లకిలా వేయకూడదు, తెడ్డు పట్టి లాగకూడదు.
- వెనుక భాగం కింద తడి గోనె మడత పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తాలి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు జారతాయి. నీడలో, తడి గుడ్డ కప్పి, ముక్కు తెరిచి ఉంచి, గంటల తరబడి ఓపిక పట్టాలి.
- అటవీ సిబ్బందికి వెంటనే ఫోను చేయాలి.

కళేబరం కనిపిస్తే తేదీ, చోటు, డిప్ప పొడవు (పైవంపు మీద టేపు వేసి), తోక వివరం రాయండి. తోక డిప్ప దాటి పొడవుగా బయటికొస్తే మగది. గాయాలు, వల గుర్తులు ఫొటో తీయండి. లెక్కలో రెండోసారి రాకుండా సిబ్బంది డిప్ప మీద రంగు గుర్తు వేస్తారు. పూడ్చడం పోటు గీతకు ఎగువన, కనీసం 1 మీటరు లోతులో, వాళ్ళ సమక్షంలోనే.

## 10. ఇసుక వేడి, ఒడ్డు కోత: కొలిచి ఉంచండి

గుడ్డులో ఆడదా మగదా అన్నది ఇసుక వేడి తేలుస్తుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర రెండూ సమంగా పుడతాయి. 31 దాటితే దాదాపు అన్నీ ఆడవే. 35 పైన ఎక్కువ రోజులుంటే గుడ్లలోనే చస్తాయి. వాతావరణం వేడెక్కుతున్న కాలంలో ఈ లెక్క ఏటా ఉండాలి. అదేమీ పెద్ద ఖర్చు కాదు.

గుడ్లు లేని మూడు చోట్ల (పోటు గీత దగ్గర, మధ్యలో, తిన్నె పాదం దగ్గర) 40 సెంటీమీటర్ల లోతుకు గొట్టం దింపి, నేల వేడి కొలిచే పొడవాటి థర్మామీటరుతో ఉదయం 6కి, సాయంత్రం 6కి చూసి రాయండి. ఫిబ్రవరి నుంచి మే దాకా, అదే చోట, అదే వేళ. రోజు తప్పితే గడి ఖాళీగా వదలండి, ఊహించి నింపొద్దు.

కోతకు ఇంకా తేలిక. పొడంపేటలో ఇళ్ళు సముద్రంలో కలిసి జనం వేరే చోటికి మారాల్సి వచ్చింది. ఇక్కడ కోత అందరికీ తెలిసిన బాధే, కానీ చేతిలో అంకెలు ఉండాలి. కదలని గుర్తు ఒకటి (సిమెంటు స్తంభం, పాత బావి గట్టు) ఎంచుకుని, ప్రతి అమావాస్యకు ఆటు వేళ అక్కడి నుంచి తిన్నె అంచు దాకా, పోటు గీత దాకా టేపుతో కొలవండి. అదే చోట నిలబడి, అదే వైపు ఒక ఫొటో తీయండి. మూడేళ్ళ లెక్క ఉంటే తహసీల్దారు ముందు పెట్టడానికి పనికొస్తుంది.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- ఒకే రోజు 300 మంది స్కూలు పిల్లలతో శుభ్రం. ఫొటో బాగుంటుంది, నీళ్ళ సీసాలు, టిఫిన్ పొట్లాలు మిగులుతాయి. 25 మందిని మూడుసార్లు తీసుకురండి.
- గుడ్లు కుక్కలు తింటాయని తవ్వి వేరే చోట పెట్టడం. పెట్టిన కొన్ని గంటల తర్వాత గుడ్డు తలకిందులైతే లోపలి పిండం చస్తుంది. గూటి చుట్టూ గుర్తు పెట్టి సిబ్బందికి చెప్పండి.
- చలికి ఒడ్డున మంట. పిల్లలు మంటలోకే నడుస్తాయి. దుప్పటి తెచ్చుకోండి.
- ప్రత్యక్ష ప్రసారం. చోటు పేరుతో వీడియో పెడితే మరునాడు వందల బండ్లు. తాబేళ్ళ కాలం ముగిశాక పెట్టండి.
- గాలం గుచ్చుకున్నా పట్టించుకోకపోవడం. కడిగి, అదే రోజు ఆసుపత్రిలో ధనుర్వాతం సూది వేయించండి.
- ఒడ్డున పడిన సముద్రపు పామును, నీలి జెల్లీచేపను కర్రతో కదిలించడం. రెండూ చచ్చినట్టే కనిపించి హాని చేస్తాయి. దూరంగా నడవండి.

## 12. జూన్ పని

మే 31 తర్వాత, సిబ్బంది సరేనన్నాక కంచె విప్పండి. గూటాలన్నీ లెక్కపెట్టి తీయండి, ఎన్ని పాతితే అన్నీ బయటికి రావాలి. నెట్‌ను కడిగి ఆరబెట్టి, నీడలో చుట్టి ఉంచితే వచ్చే ఏడాదికి మళ్ళీ పనికొస్తుంది.

పుస్తకంలోంచి ఒక్క పేజీ సారాంశం ఒడియాలో, ఒకటి తెలుగులో రాయండి:

- తీసిన చెత్త తూకం, అందులో వలలు ఎన్ని కిలోలు
- జనవరిలో దీపాలు ఎన్ని, ఏప్రిల్‌లో ఎన్ని
- కంచె దగ్గర నుంచి వదిలిన పిల్లలు (సిబ్బంది లెక్కతో సరిపోల్చినది)
- కళేబరాలు, వాటిలో వల గుర్తులున్నవి
- ఇసుక వేడి, కోత కొలతలు
- వచ్చే ఏడాదికి మిగిలిన దీపాలు, యజమానుల పేర్లు

ఒడియా ప్రతి రేంజి కార్యాలయానికి, పంచాయతీకి. తెలుగు ప్రతిని పేటలో సమావేశం పెట్టి చదివి వినిపించి, ఊరి పెద్దల దగ్గర ఉంచండి. జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేట ఆగి ఉంటుంది కాబట్టి పేటలో ఎక్కువమంది ఇంటి దగ్గరే దొరుకుతారు. ఆ తేదీలోపే ఆ సమావేశం జరపండి.